ఇంట్లో వినని మాట

నాలుగుసార్లు అడిగిందట, నీళ్లు ఇయ్యి, బంతి ఇయ్యి అని, తిరువళ్లూరులో మాటలు నేర్పే టీచరు మధుమిత గదిలో, నా మనవరాలు యశస్విని, ఐదేళ్ల పిల్ల, గది దాటితే నోరు విప్పదు, ఇప్పుడు తిరుత్తణి రైల్లో నా పక్కన కూర్చుని నా వేలు పట్టుకుని జామకాయల బుట్ట వైపు లాగుతోంది, ఇంట్లో ఎందుకు అడగదు తాతా అని మధుమిత నన్ను నిలదీసింది, నేనేం చేశాను, రెండేళ్లుగా వారానికి రెండుసార్లు తిప్పుతున్నది నేనే, జూన్‌లో బడి, అక్కడ అడగకపోతే దాహంతోనే కూర్చుంటుంది, ఆ మాత్రం నాకు తెలియదా, పాప అడిగేలోపలే మీరు చేతిలో పెట్టేస్తారు మామా అని కోడలు కూడా పొద్దున పాఠం చెప్పింది, సరే, ఈరోజు పెట్టను, వేలు వెనక్కి లాక్కున్నాను, పిల్ల మళ్లీ పట్టుకుంది, ఏడుపు అందుకుంది, కొనియ్యి పెద్దాయనా, పాప కండ్లు రెండూ బుట్టలోనే ఉండాయి అన్నాడు జామకాయలమ్మే ఆరోగ్యస్వామి, నోరు తెరిచి అడిగితేనే కొంటా, నువ్వుండయ్యా అన్నాను, ఎదురు సీటులో ఆడమనిషి నవ్వింది, ఈ చట్టమేదో మా ఇంటాయనకు చెప్పు అన్నా, ఆయన గొంతు సవరిస్తే నేను కాఫీతో పరిగెత్తాల అంది, పెట్టెలో అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు, నా గొంతు సవరింపుకూ కాఫీ వస్తుంది, ఖాళీ చెంబు టంగుమని పెడితే కొడుకు నీళ్లు తెస్తాడు, నేను కాళ్లు కడుక్కున్న చప్పుడుకే నా భార్య వజ్రమ్మ కంచం పెట్టేది, ఆమె పోయి మూడేళ్లు, మా నాన్నా నోటితో ఏదీ అడిగేవాడు కాదు, ఇంటి పెద్ద అడగడమేమిటి, వజ్రమ్మ కూడా తనకేం కావాలో ఎన్నడూ చెప్పలేదు, చివరి రోజు ఆస్పత్రిలో పెదవులు తడుపుకుంటూ నన్నే చూసింది, నాకు తట్టలేదు, నీళ్లని ఒక్క మాట అనుంటే ఏం పోయేది, ఆ కోపం ఇప్పటికీ తీరలేదు, ఆమె మీదో నా మీదో.

జామకాయ కోయించి పిల్ల చేతిలో పెట్టాను, ఏడుపు ఆగింది, చెయ్యి చాచాను, అరవై ఎనిమిదేళ్లలో నోరు తెరిచి అడగడం ఇదే మొదలు, యశూ, తాతకు ఒక ముక్క ఇయ్యి అన్నాను, పిల్ల నమలడం ఆపి నా నోటి వైపు చూసింది, మధుమిత నోటి వైపు చూసినట్టే, అంత శ్రద్ధగా, కొత్తగా, పిల్ల ఇంట్లో అడగకపోవడం మరుపు కాదు, మొండితనమూ కాదు, మా ఇంట్లో ఎవరైనా ఆ మాట అనగా ఇంతవరకూ వినలేదు, అంతే.