ఖాసింబీ ఇవ్వని నల్లగాజులు

నా కడుపులో ఏముందో మా ఆయనకి తెలుసు, మా అత్తగారికి తెలుసు, నన్ను కన్న మా అమ్మకి తెలుసు. ఆఖరికి గాజులు తొడిగే ఖాసింబీకి కూడా తెలుసు. మోసేదాన్ని నేను, నాకొక్కదానికే తెలియదు. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మండనివ్వండి, చల్లారాలని నాకేమీ లేదు.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది సంగతి. మా ఆయన వెంకటసుబ్రహ్మణ్యం బందరులో రెవెన్యూ గుమాస్తా. ఉప్పెన తర్వాత రెండు నెలలపాటు ఆయనకి దివిసీమలో డ్యూటీ వేశారు. పాలకాయతిప్ప నుంచి మోపిదేవి దాకా ఊరూరా తిరిగి, పోయినవాళ్ళ పేర్లు రాసుకుని, మిగిలినవాళ్ళని వెతికి పట్టుకుని కబురు చెప్పడం ఆయన పని. ఆదివారాలు ఇంటికొస్తే అన్నం ముందు కూర్చుని, నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేవారు. ఆ రోజుల్లోనే నేను నెల తప్పాను. పెళ్ళయిన ఆరేళ్ళకి.

ఏడో నెల వచ్చేసరికి నా పొట్ట నాకే భయం వేసేటంత అయింది. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే నడుం విరిగిపోతుంది. చూసినవాళ్ళంతా కవలలే అన్నారు. మా అత్తగారు లలితాంబ గారు వీధి వీధంతా చాటింపు వేసినంత పని చేశారు. లేడీ డాక్టరు మాత్రం పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు తడిమి చూసింది.

"నీళ్ళు ఎక్కువగా ఉన్నాయమ్మా. తల ఎక్కడుందో చేతికి దొరకడం లేదు. ఎక్స్‌రే తీయిద్దాం" అంది. "మద్రాసులో శబ్దంతో చూసే మిషనేదో వచ్చిందట. బిడ్డ కదులుతుంటేనే బొమ్మ కనిపిస్తుందట. మనకి అంత భాగ్యం ఎక్కడిది!"

నర్సింగ్ హోము వెనకాల చీకటి గదిలో ఎక్స్‌రే. అక్కడ పనిచేసేది మాబు. మా వీధికి గాజులు తెచ్చే ఖాసింబీకి తమ్ముడు. బల్ల చల్లగా ఉంది. నన్ను పక్కకి తిరిగి పడుకోమని, "ఊపిరి బిగబట్టండమ్మా" అన్నాడు.

"ఉన్న ఊపిరి చాలక చస్తుంటే బిగబట్టడమేమిటయ్యా!" అన్నాను. నవ్వాడు.

పావుగంటకి ఫిల్ము కడిగి, నీళ్ళు కారుతుండగానే పట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్ళాడు. ఈసారి నవ్వలేదు, నా వంక చూడనూ లేదు. మా ఆయన్ని లోపలికి పిలిచారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. కడుపు నాది, బొమ్మ నాది, కూర్చోవడం మాత్రం బయట. అప్పుడు నాకు అది తప్పనే తోచలేదు చూడండి, అదీ నా తెలివి!

ఆయన బయటికి వచ్చి జేబురుమాలుతో మొహం తుడుచుకున్నారు. "కవలలేనట, హైమా" అన్నారు.

"ఫిల్ము ఏదండీ? చూస్తాను."

"వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారట."

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు నేను ఇద్దరి కోసం బతికాను. పాత చీరలు చింపి రెండేసి బొంతలు కుట్టాను. ఒకడు కుడిపక్కన తంతున్నాడు, ఒకడు ఎడమపక్కన తంతున్నాడు అని లెక్క చెప్పేదాన్ని. మా ఆయన విని, ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి వెళ్ళిపోయేవారు. కాళ్ళు వాచిపోయాయి, గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. డాక్టరు దగ్గరికి వెళదామంటే అత్తగారు, "కవలలన్నాక ఆమాత్రం ఆయాసం ఉండదుటే? సీమంతం కానియ్యి, వెళుదువుగాని" అన్నారు. ఆషాఢం అడ్డొచ్చి సీమంతం శ్రావణానికి జరిగింది. గుడివాడ నుంచి మా అమ్మ సత్యవతమ్మ చలిమిడి, పూలు పట్టుకుని వచ్చింది. వస్తూనే నన్ను కావలించుకుని బావురుమంది. సంతోషం అనుకున్నాను.

సీమంతం నాడు వీధిలో ముత్తయిదువలంతా వచ్చారు. పీట మీద కూర్చుంటే నా పొట్ట నా మోకాళ్ళని దాటి ముందుకొచ్చింది. ఖాసింబీ గాజుల మలారం బుట్ట దించి నా ఎదురుగా కూర్చుంది. ఆకుపచ్చ గాజులు, ఎర్రగాజులు రెండు చేతులకీ నిండుగా తొడిగింది. మామూలుగా నోరు మూతపడని మనిషి. ఆరోజు బిస్మిల్లా అని మొదలుపెట్టాక ఒక్క మాట లేదు.

ఖాసింబీకి ఒక అలవాటు ఉంది, వీధిలో అందరికీ తెలుసు. కడుపుతో ఉన్నవాళ్ళకి గాజులు తొడిగాక, మలారం అడుగునుంచి బొటనవేలు పట్టేంత నల్లగాజుల జత తీసి ఒళ్ళో పడేస్తుంది. "ఇది పుట్టబోయేవాళ్ళకి, నా వాటా" అంటుంది. ఒక్క ఇంట్లో మానలేదు. కవలలని తెలిశాక నాకు రెండు జతలు వస్తాయని నేను ముందే ముచ్చటపడి ఉన్నాను. ఒళ్ళు చాపి కూర్చున్నాను. ఖాసింబీ మలారం మూత వేసేసింది.

"ఏం ఖాసింబీ, నా పిల్లల వాటా ఎగ్గొడతావా?" అన్నాను నవ్వుతూ.

వంచిన తల ఎత్తలేదు. "అయిపోయాయమ్మగారూ" అంది.

"మూత వేస్తుంటే చూశానుగా, గుత్తి ఉంది!"

అప్పుడు కళ్ళెత్తింది. నిండా నీళ్ళు. నా చేతి గాజులు సర్దుతున్నట్టు దగ్గరికి వంగి, నాకొక్కదానికే వినపడేలా అంది. "నన్నడగొద్దు తల్లీ. ఆ ఫోటో మీరు చూడలేదా? మా మాబు కవర్లో పెట్టి అయ్యగారికే ఇచ్చాడుగా."

పీట మీంచి లేచాను. "అదేమిటే, హారతి ఇంకా కాలేదు!" అని అత్తగారు వెంటపడ్డారు. గదిలోకి వెళ్ళి ఆయన ఆఫీసు పెట్టె తెరిచాను. దివిసీమ రిజిస్టర్ల అడుగున ఉంది ఆ కవరు. ఫిల్ము తీసి కిటికీకి అడ్డంగా పట్టుకున్నాను.

వెన్నెముక ఒక్కటే. ఇద్దరు లేరు. రెండు చేతులున్నాయి, బియ్యపు గింజలంత వేళ్ళు కూడా ఉన్నాయి. మొహం ఉంది. కనుబొమల దాకా ఉండి, పైన ఇంకేమీ లేదు. తలపుర్రె ఉండవలసిన చోట నలుపు. కవర్లో డాక్టరు ఇంగ్లీషులో రాసిన చీటీ ఉంది. నేను పీయూసీ దాకా చదివానన్న సంగతి వాళ్ళు మరిచిపోయినట్టున్నారు. బిడ్డ పుట్టినా బతకదని, తల్లికి ఆయాసం ప్రమాదమని, వారంలోగా తీసుకురమ్మని రాసింది. పద్దెనిమిది రోజుల కిందటి తేదీ.

వెనక్కి తిరిగితే ముగ్గురూ గుమ్మంలో ఉన్నారు. తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. అత్తగారు ముందుగా గది తలుపు వేశారు, బయటివాళ్ళు వినకుండా.

"నువ్వు తట్టుకోలేవని, హైమా..." అన్నారు ఆయన.

"దివిసీమలో ఎంతమందికి చెప్పారండీ? నీ మొగుడు పోయాడు, నీ నలుగురు పిల్లలూ పోయారని ఇంటింటికీ వెళ్ళి చెప్పారుగా! వాళ్ళు తట్టుకుంటారని ఎవరు చెప్పారు మీకు?"

"అది ఉద్యోగం" అన్నారు.

అంతే అన్నారు. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

అమ్మ వైపు తిరిగాను. "నీకూ తెలుసా?"

"ఆ ఒక్క ముచ్చటైనా తీరనిమ్మన్నారు వదినగారు. నాకూ నిజమే అనిపించిందే తల్లీ. ఆరేళ్ళకి కదా..."

"ముచ్చట ఎవరికే అమ్మా? చావబోయే బిడ్డని కడుపులో పెట్టుకుని చలిమిడి తినడం ముచ్చటా?"

"గట్టిగా అరవకు, సీమంతం ఆపితే నలుగురూ ఏమనుకుంటారు? మన వంశంలో ఇలాంటిది పుట్టిందని తెలిస్తే ఇంకేమైనా ఉందా!" అన్నారు అత్తగారు. ఆవిడకి కావలసింది అదీ. నేను రిక్షా పిలవమన్నాను. చేతినిండా గాజులతో, తలనిండా పూలతో నర్సింగ్ హోముకి వెళ్ళాను. నాకెందుకు చెప్పలేదని డాక్టరునీ నిలదీశాను. "మీవారు నేనే చెప్పుకుంటానన్నారమ్మా" అని తల దించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పుట్టింది. ఆడపిల్ల. చూడకూడదని అందరూ మొత్తుకున్నారు. ఇస్తేగాని బల్ల దిగనన్నాను. నర్సు తల చుట్టూ గుడ్డ చుట్టి ఇచ్చింది. ముక్కు అచ్చం ఆయనదే. నా చూపుడువేలు దాని అరచేతిలో పెడితే పట్టుకుంది. ఎదురుగా గోడగడియారం ఉంది కనక చెబుతున్నాను, పదకొండు నిమిషాలు పట్టుకుంది.

నాలుగో రోజు, నేను ఇంట్లో వెనకగదిలో చాప మీద ఉన్నాను. పరామర్శకి వచ్చినవాళ్ళతో వరండాలో అత్తగారు చెబుతున్నారు. "కవలలమ్మా! ఇద్దరూ మగపిల్లలే. రత్నాల్లాంటి పిల్లలు. మాకు ప్రాప్తం లేదు."

గోడ పట్టుకుని లేచి వరండాలోకి వచ్చాను. పురిటాలు బయటికి వచ్చిందని అందరూ అటూ ఇటూ జరిగారు.

"ఒక్కతే" అన్నాను. "ఆడపిల్ల. తలపుర్రె లేదు. పదకొండు నిమిషాలు బతికింది. ఇద్దరూ లేరు, మగపిల్లలూ లేరు. ఇంకెవరైనా అడిగితే నన్నడగండి."

అత్తగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన వాలుకుర్చీలో పేపరు చాటునుంచి మొహం తీయలేదు.

మెట్ల మీద ఖాసింబీ కూర్చుని ఉంది, ఎప్పుడొచ్చిందో. మలారం మూత తీసి, అడుగునుంచి నల్లగాజుల జత ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది.

"పురిటింట్లో, అందులోనూ బిడ్డ పోయిన ఇంట్లో గాజులేమిటే, బుద్ధి లేదూ!" అని అత్తగారు కసిరారు.

ఖాసింబీ ఆవిడ వంక చూడలేదు. "ఆరోజు ఇస్తే అబద్ధం అయ్యేదమ్మా" అంది నాతో. "ఇప్పుడు తీసుకోండి. పుట్టింది కదా."