కోటు వేసుకున్న దాలయ్య

పటాల కొట్టు రంగనాథం చేతిలో మొదట ఉన్నది ఒక తుప్పు పట్టిన రేకు పెట్టె. స్టూడియో సూరయ్య జన్మంతా తీసిన ఫిల్ములు అందులో ఉన్నాయి. సూరయ్య పోయాక కోడలు ఆ పెట్టెను పాత ఇనుముకు వేసెయ్యబోతుంటే, రంగనాథం ఒక వెంకటేశ్వరస్వామి పటం బదులిచ్చి మోయించుకొచ్చాడు. అంచు చెదపట్టి ఎవరూ కొనని పటం అది. ఆ లెక్కన పెట్టె ఊరికే వచ్చినట్టే.

కోటబొమ్మాళి సంత, జాతర, స్టేషను ముందు గుర్రబ్బళ్లు, వాన నీళ్లలో బడి పిల్లలు, ఆ తర్వాత తొంభై తొమ్మిది తుఫాను. స్టేషను రేకు ఒకటి తాటిచెట్టుకు శాలువా కప్పినట్టు చుట్టుకుపోయింది. కూలిన గోడ మీద ఒకామె వంట చేస్తోంది. రంగనాథం కొన్ని పెద్దవి చేయించి కొట్టు ముందు తాడుకు వేలాడదీశాడు. జనం ఎగబడ్డారు. వాళ్లు చూసింది ఊరిని కాదు, ఊళ్లో నిలబడ్డ తమవాళ్లని.

"ఒరే, సంచి పట్టుకున్నది మా అమ్మరా!" అన్నవాడు ఊరికే పోడు. ఆ ముఖాన్ని పెద్దది చేయించి, చట్రం కట్టించి, దండ వేస్తాడు. బతికున్నవాళ్లకు ఫోను చాలు, పోయినవాళ్లకే చట్రం కావాలి. రంగనాథానికి ఈ సంగతి మొదటి వారంలోనే బోధపడింది.

దానికో పద్ధతి ఉంది. దండ వేసే పటంలో బతికున్నవాళ్ల వేలు కూడా కనబడకూడదు. పక్కనున్న మనుషుల్ని, వెనకున్న వీధిని తీసేసి, కంప్యూటరు నరేష్ నీలం రంగు నింపుతాడు. చొక్కా చిరిగిన వాడికి కోటు తొడుగుతాడు. ఊళ్లో చచ్చిపోయిన మగాళ్లందరిదీ ఒకటే కోటు.

జగ్గమ్మ వచ్చింది సంతరోజున. ములక్కాడల గంప అరుగు మీద దించి, తాడుకున్న బొమ్మల్లోకి ముక్కు ఆనించి చూసింది. కళ్లకు శుక్లాలు.

"సావుకారుబాబూ, మావోడు యాడైనా ఉన్నాడేటి? నాకాడ ఆడి మొకం ఒక్కటీ నేదు."

ఆమె మొగుడు దాలయ్య గొడుగులు బాగుచేసేవాడు. బస్టాండు మూల మీద వాడికో పాక ఉండేది. తుఫాను దాన్ని, వాణ్ణి కలిపి తీసుకుపోయింది. ఖాళీ అయిన ఆ మూలను రంగనాథం తన గోదాము గోడలోకి కలుపుకున్నాడు. అప్పట్లో ఎవరూ అడగలేదు. ఇప్పుడు వర్తక సంఘం ఆ వరసంతా కొత్త గదులు కడుతోంది. తుఫానుకు ముందు అక్కడున్న పాతకాపులకే గదులని తీర్మానం. మూల గది తనదంటుంది జగ్గమ్మ, తనదంటాడు రంగనాథం. "పాక ఉన్నట్టు ఏదో ఒక గుర్తు చూపించమ్మా, రాసిచ్చేస్తాం" అన్నాడు సంఘం పెద్ద నారాయణమూర్తి. గుర్తులన్నీ గాలికి పోయినవే.

పెట్టె వెతికితే రంగనాథానికే దొరికింది. జాతర నాటి ఫిల్ము. పాక గుమ్మంలో దాలయ్య, పక్కన జగ్గమ్మ, చూరుకు వేలాడే గొడుగులు, వెనకాల బస్టాండు బోర్డు. ముందు దాచేద్దామనుకున్నాడు. కానీ ఆమె రోజూ వచ్చి అరుగు మీద కూర్చుంటోంది. మొగుడి ముఖం దొరికేదాకా ఆమె వెతకడం మానదు, ఈలోగా ఎవరో ఒకరు ఆ ఫిల్మును వెలుగుకు పట్టి చూసేస్తారు.

అందుకే తనే చూపించాడు. ఆమె ఫిల్మును కంటికి ఆనించుకుంది.

"ఇదేటి బాబూ, నల్లోడు తెల్లగా ఉన్నాడు! ... ఇయి గొడుగులు! ఇది మా పాకే! ఇంక సంగంలో ఏటంతారో సూత్తాను!"

"చూద్దువుగాని. పక్కన నువ్వూ ఉన్నావే, మరి?"

"అయ్యో, నన్ను తీసెయ్యి బాబూ. దండేసే పటంలో బతికున్నదాన్ని నానెందుకు?"

"అందరికీ చేసినట్టే చెయ్యమంటావా?"

ఆమె నడుం నిటారు చేసింది. "అందరికీ సేసినట్టే సెయ్యి. మావోడేటి తక్కువా?"

ఆ మాట రంగనాథం పట్టుకున్నాడు. అప్పుడే అరుగెక్కిన మరో ఇద్దరు విన్నారు కూడా.

"పాక బాగా వచ్చింది మావా, ఉంచేద్దామా?" అన్నాడు నరేష్.

"దండ పటంలో పాకేంట్రా? నీలం కొట్టు. కోటు మంచిది వెయ్యి."

టేకు చట్రం తనే కట్టి, డబ్బు తీసుకోలేదు. కాగితంలో చుట్టి, సంఘం కూర్చున్న పూట ఆమె చేతికిచ్చాడు. "పెద్దాయన చేత విప్పించు, గౌరవం" అన్నాడు. ఆమె అతని చేతులు కళ్లకద్దుకుంది. ఫిల్ము అప్పటికే పొయ్యిలో ముడుచుకుపోయింది.

నారాయణమూర్తి కాగితం విప్పాడు. నల్ల కోటు, ఎర్ర టై, వెనకాల నీలం.

"ఎవరే జగ్గమ్మా, ఈ కలెక్టరు?" అన్నారెవరో.

"గొడుగులు బాగుచేసినోడా, గొడుగుల కంపెనీ ఓనరా?"

నవ్వులు సద్దుమణిగేదాకా ఆమె అద్దం మీద వేళ్లతో వెతుకుతూనే ఉంది. "ఎనకాల పాక ఉన్నాది. గొడుగులున్నాయి. సావుకారే సూపించినాడు. బాబూ, సెప్పు."

అందరూ రంగనాథం వైపు తిరిగారు. ఒక్క ఔను అంటే గది పోతుంది.

"అందరికీ చేసినట్టే చెయ్యమంది, చేశాను. నేను చూసింది ముఖం వరకే."

"ఫిల్ము ఉందా?" అన్నాడు నారాయణమూర్తి.

"పనైపోయినవి నేనుంచుకోను."

మూల గది రంగనాథం పేరున రాశారు.

మర్నాడు జగ్గమ్మ పటం తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టింది. "ఈ కోటోడెవడో నాకెరిక నేదు బాబూ. మావోడు సచ్చినపుడు ఒంటిమీద సొక్కా కూడా నేదు. గాలికి పాక లేసిపోతంటే గుంజ కరుసుకున్నాడు. వొదిలెయ్యరా అని ఏడిసినాను. మన జాగా అన్నాడు, వొదల్నేదు. నీకు తెలిసినోడే గదా, నీకాడే ఉంచుకో."

గంప నెత్తికెత్తుకుని స్టేషను వైపు వెళ్లిపోయింది.

కొత్త గది తెరిచే నాటికి రంగనాథం ఆ చట్రం విప్పి, అద్దం తుడిచి, లక్ష్మీదేవి బొమ్మ బిగించాడు. దాలయ్య బొమ్మ అంటించిన అట్ట దళసరిగా ఉంది. వెనక వైపు తెల్లగా ఉంది కూడా. దాని మీద 'అరువు లేదు' అని రాయించి గోడకు కొట్టించాడు. దాలయ్య ముఖం గోడవైపు ఉంది, తన జాగాలోనే.

ఈ బేరంలో రంగనాథానికి పోయింది అమ్ముడుపోని స్వామి పటం ఒక్కటే. వచ్చినవి మూల గది, గోడకో బోర్డు. పోయిందనుకున్న టేకు చట్రం కూడా తిరిగొచ్చింది.