అరిచి అడగాల్సిన ప్రశ్నలు

చెవిటివాణ్ణి గుట్టుగా ప్రశ్నలడగడం ఎలాగో ఆ డాక్టరమ్మకి ఎవరూ నేర్పినట్టు లేదు. కెండారీ పట్నం నుంచి పడవెక్కి వచ్చింది, పేరు అస్రియాని. వినికిడి తగ్గిన పెద్దవాళ్ళ కోసం కొత్తగా ప్రశ్నలు తయారు చేస్తోందట. చెవి సంగతి ఒక్కటే కాదు, మనసూ, ఇల్లూ, పనీ అన్నీ తెలియాలట. "ఇంకా పూర్తి కాలేదు. ఏ ప్రశ్న బాలేదో, ఏది మర్చిపోయానో మీరే చెప్పాలి" అంది. బాగానే ఉంది. మరి సముద్రంలో కర్రలు పాతి కట్టిన ఊళ్ళో, చదువురాని చెవిటి ముసలాడికి ఆ ప్రశ్నలు చేరేదెలా? కూతురు చెవిలో నోరు పెట్టి అరవాలి. అరిస్తే పది ఇళ్ళకి వినపడుతుంది.

ఆ ముసలాడు లసుడిన్. ఆయన వసారా మీద అప్పుడే జనం చేరారు. పక్కింటి సనావియా కర్రపెండలం దుంపలు తెచ్చుకుని మరీ కూచుంది, చెక్కు తీసుకోడానికి తన ఇంట్లో చోటు లేనట్టు. లసుడిన్ మాత్రం లుంగీ మోకాళ్ళ మీదకి లాక్కుని ముడుచుకుని కూచున్నాడు.

ఆయన భయం ఆయనది. కుర్రతనంలో చేపల కోసం సముద్రం లోతుకి దిగి దిగి చెవులు పగలగొట్టుకున్నాడు. ఆ ఊళ్ళో వేటకి దిగేవాళ్ళంతా అంతే, అదేమంత వింత కాదు. ఇప్పుడు దిగేది అల్లుడు తమ్రిన్. నోట్లో గాలి గొట్టం పెట్టుకుని అతను అడుగున చేపలు పొడుస్తుంటే, పైన పడవలో ఆ గొట్టంలోకి గాలి పంపే మిషను కనిపెట్టుకుని ఉండడం మామ పని. మిషను ఆగిందా, తక్షణం తాడు లాగి పైకి పిలవాలి. "మనుషుల మాటే నాకు అందదు గానీ మిషను చప్పుడు బ్రహ్మాండంగా వినపడుతుంది" అని అందరితో చెప్పుకున్నాడు. అబద్ధం. మిషను మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురుతో నెట్టుకొస్తున్నాడు.

మొన్న పడవలో నీళ్ళు తోడుతూ చెయ్యి తీశాడు. మిషను ఆగిపోయింది. ఆయనకి తెలిస్తే కదా! ముక్కులోంచి రక్తం కారుతూ తమ్రిన్ తనంతట తనే పైకొచ్చి పడవ అంచు పట్టుకున్నాడు. "పాడు పెట్రోలు మామా" అని నవ్వేశాడు. ఆనాటి నుంచి ముసలాడికి ముద్ద దిగడం లేదు. నిజం చెబితే పడవ దిగాలి, దిగినవాడు ఇక వలల చిక్కులు తీసుకుంటూ మూల కూచోవాలి. చెప్పకపోతే కూతురి బతుకు బుగ్గి.

"హోటల్లో నలుగురితో కూచున్నప్పుడు మాటలు వినపడతాయా అంటోంది నాన్నా!" అని అరిచింది కూతురు నుర్హా.

"హోటలా? నన్నెవడు తీసికెళ్ళాడే హోటలుకి?"

అందరూ నవ్వారు. అస్రియాని ఆ ప్రశ్న కొట్టేసింది.

"టీవీ సౌండు పెంచమని అడుగుతుంటావా నాన్నా?"

"ఆయన్నడగడం ఎందుకు, నన్నడుగు" అంది సనావియా. "వీళ్ళ టీవీ పుణ్యమా అని మేం కొనుక్కోనేలేదు."

డాక్టరమ్మ కాగితం చూసి ఇంకోటి చెప్పింది. నుర్హా ఆలోచించకుండా అదీ అరిచేసింది. "నీకు వినపడకపోవడం వల్ల ఎవరికైనా ప్రాణం మీదకొచ్చిందా నాన్నా?"

సనావియా చేతిలో కత్తి ఆగింది. వసారా కింద పడవలో గొట్టానికి అతుకు వేస్తున్న తమ్రిన్ తలెత్తాడు. లసుడిన్‌కి అల్లుడి మొహం కనపడింది. లేదు అంటే సరిపోయేది. మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ రేపు తెల్లారితే అల్లుడు మళ్ళీ దిగుతాడు కదా! ముందుకు వంగి డాక్టరమ్మ చెవిలో గుసగుసగా చెప్పాడు.

"వచ్చిందమ్మా. మొన్న మిషను ఆగితే నాకు వినపడలేదు. నాకసలేం వినపడదు. అల్లుణ్ణి చేజేతులా చంపేసేవాణ్ణే. మా అమ్మాయికి మాత్రం చెప్పకు తల్లీ."

అస్రియాని చెవి మూసుకుని వెనక్కి జరిగింది. ఆయన చుట్టూ చూశాడు. అందరి నోళ్ళూ తెరుచుకునే ఉన్నాయి. నుర్హా మొహంలో నెత్తురు చుక్క లేదు. తన గొంతు తనకే వినపడని మనిషికి గుసగుస ఏదో కేక ఏదో ఎలా తెలుస్తుంది? ఊరంతా విన్నదని అప్పటికి అర్థమైంది పాపం.

తమ్రిన్ నిచ్చెనెక్కి వచ్చాడు. తల దించుకుని ఏదో అన్నాడు. పెదవులు కనపడక లసుడిన్‌కి ఒక్క ముక్కా అందలేదు. కొడతాడేమో అనుకున్నాడు.

"తెలుసా? తెలిసీ దిగావా?" నుర్హా మొగుడి మీదకి లేచింది.

"మామని పడవ దిగమని ఏ నోటితో చెప్పమంటావు?" అన్నాడు తమ్రిన్.

"ఏమంటున్నాడే?" అన్నాడు లసుడిన్. "చెప్పవే, నీకు పుణ్యముంటుంది!"

అన్ని ప్రశ్నలు అరిచిన పిల్లకి ఈ మాట మాత్రం నోట రాలేదు. చివరికి ఆయన చెవికి నోరు ఆనించింది. "నీకు వినపడదని ఏడాదిగా తెలుసట నాన్నా! నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదట! ఇవాళ పైకి రానేమో అనుకుంటూనే రోజూ దిగాడట!"

లసుడిన్ తన అరచెయ్యి చూసుకున్నాడు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగాడు. "ఏ ప్రశ్న మర్చిపోయావో చెప్పమన్నావుగా. ఇంట్లోవాళ్ళని అడగలేదమ్మా నువ్వు. మీకు భయమేస్తోందా అని వాళ్ళనీ అడుగు. మేం చెవిటివాళ్ళం నిజం చెప్పం." ఆమె రాసుకునే దాకా కూడా ఆగలేదు. "అడగవే నీ మొగుణ్ణి."

నుర్హా అడిగింది. తమ్రిన్ అవునని తల ఊపాడు. దానికి చెవులు అక్కర్లేదు.

"అయితే నేను పడవ దిగిపోయాను" అన్నాడు లసుడిన్. "రేపట్నుంచి మిషను దగ్గర నువ్వు కూచో అమ్మా. ఇంక దేనికీ చెయ్యి తియ్యకు, చూపు తిప్పకు."

నుర్హా సరేనంది. అంటూనే తమ్రిన్ చొక్కా పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు.