సగం సూది

మా ఆయన కాలిలో సూది ముక్క ఉండాలని, ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూర్చుని దేవుడికి మొక్కుకున్నాను. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆయన మీద నాకు కోపం వచ్చిన రోజులు బోలెడు. కానీ ఇది కోపంతో మొక్కిన మొక్కు కాదు. ఎందుకు మొక్కానో తెలియాలంటే ముందు బొంత సంగతి చెప్పాలి.

మా ఒక్కగానొక్క కూతురు రజిత ఏడో నెలలో పురిటికని సీతాఫల్‌మండిలోని మా ఇంటికి వచ్చింది. వచ్చిన వారానికే నేను అటక మీది పెట్టె దింపించాను. తల్లీబిడ్డా ఇద్దరూ పడుకునేంత బొంత కుట్టాలని నా పట్టుదల. అడుగున మా అత్తమ్మ బుచ్చమ్మ గారి పాత నేత చీర, మధ్యలో మా ఆయన పంచెలు రెండు, నలిగి మెత్తబడ్డ దుప్పటి ఒకటి, పైన నా చీరల ముక్కలు. మొత్తం ఐదు పొరలు. ఈ అంచు నుంచి ఆ అంచుకి, వేలి మందం ఎడంలో ఎనభై వరుసలు కుట్టాలి.

అంత బొంత పరిచే చోటు మా ఇంట్లో ముందుగది ఒక్కటే. పరిచానంటే టీవీకీ తలుపుకీ మధ్య దారి మూసుకుపోతుంది. అందుకని రెండు రూల్స్ పెట్టాను. ఒకటి, ఎవరూ బొంత తొక్కకూడదు, గోడ వెంబడి నడవాలి. రెండు, కుట్టేది నేనే కాబట్టి నాకే: లేచేటప్పుడు సూదిని జాకెట్టుకి గుచ్చుకుని లేవాలి, బొంతలో వదలకూడదు.

రిటైరై ఇంట్లో కూర్చున్న మా ఆయన వేణుమాధవ్ మొదటి రూలు మీద రోజూ గొణిగేవాడు. ఎనభై నాలుగేళ్ల మా అత్తమ్మ గోడ పట్టుకుని నడుస్తూ, "కుట్లు పెద్దగైతున్నయే లతా" అని నాకు వంకలు పెట్టేది. రజిత అయితే ముందు ముక్కు చిట్లించింది.

"గీ పాత బట్టలెందుకమ్మా? నేను ఆన్‌లైన్ల బేబీ బెడ్ ఆర్డర్ పెట్టిన."

"పెట్టుకో. నా బొంత నేను కుడ్త," అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

కానీ నాలుగో రోజో అయిదో రోజో, ఆఫీసు మీటింగుకీ మీటింగుకీ మధ్య లాప్‌టాప్ మూసి వచ్చి నా పక్కన చతికిలబడింది. సూదికి దారం ఎక్కించి ఇచ్చింది. మర్నాడూ వచ్చింది. తర్వాత తన బడి గౌను ఎక్కడుందో తనే వెతికి తెచ్చి, పైన ఓ ముక్క వేయమంది. పెళ్లయిన ఆరేళ్లలో నా దగ్గర గంటసేపు కూర్చోని పిల్ల, అత్తగారి మాటలు, ఆఫీసు గొడవలు, కాన్పంటే తనకున్న భయం అన్నీ చెప్పడం షురూ చేసింది. నేను కుడుతూ వినేదాన్ని. ఇరవై రెండు రోజుల్లో నలభై ఒక్క వరుసలు అయ్యాయి. తొందరగా అయిపోకూడదని నేను లోపల్లోపల నెమ్మదించిన మాట కూడా నిజమే.

గురువారం నలభై రెండో వరుస మధ్యలో ఉండగా పాలు పొంగిన వాసన వచ్చింది. సూదిని కుట్టులోనే వదిలేసి వంటింట్లోకి పరిగెత్తాను. అప్పుడే మా ఆయన ఫోను మోగింది. ఆయన గోడ వెంబడి పోకుండా బొంత మీంచి అడ్డంగా నడిచాడు. కేక విని వచ్చేసరికి మడమ పట్టుకుని కుర్చీలో కూలబడి ఉన్నాడు. మడమలో చిన్న బెజ్జం, చుక్కెడు నెత్తురు. బొంతలో దారంతో ఉన్న సగం సూది దొరికింది. మొన ఉన్న సగం లేదు.

"బొంత తొక్కకున్రి అని ఎన్నిసార్లు చెప్పాలె మీకు?" అని ముందు నేనే విరుచుకుపడ్డాను.

రజిత లోపలి నుంచి కడుపు పట్టుకుని వచ్చింది. "నాన్నా, చూస్కొని నడవొద్దా? రేపు ఇంట్ల చిన్న పిల్ల ఉంటే? ఇట్లనే నడుస్తవా?"

ఆయన నా వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. సూది వదిలింది నేనని చెప్పడానికి నోరు పెగల్లేదు. తండ్రి చూడకుండా నడిస్తేనే ఇంత మాటన్నది. తల్లి బొంతలో సూది వదిలి పోతుందని తెలిస్తే, రేపు బిడ్డను నా ఒళ్లో పెట్టి నిశ్చింతగా నిద్రపోతుందా? ఆ ఒక్క భయంతో నోరు మూసుకున్నాను.

అందుకే ఆసుపత్రిలో ఆ మొక్కు. సూది మొన కాలిలో ఉంటే డాక్టరు తీసేస్తాడు, రెండు కుట్లు వేస్తాడు, బొంత నిక్షేపంగా ఉంటుంది. కాలిలో లేదంటే బొంతలో ఉన్నట్టే. పసిబిడ్డను దాని మీద ఎలా పడుకోబెడతాం?

డాక్టరు ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి నవ్వాడు. "ఏం లేదమ్మా, క్లియర్. టీటీ ఇచ్చినం. పరేషాన్ కాకున్రి."

నేను భోరుమన్నాను. "సార్ అంటే మస్తు ప్రేమ ఉన్నట్టుంది," అంది నర్సు. మా ఆయన నా మొహంలోకి పరీక్షగా చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

ఇంటికొచ్చి బొంత దులిపాం, నేల మూడుసార్లు ఊడ్చాం. పాడైపోయిన స్పీకరులోంచి అయస్కాంతం ఊడదీసి గదంతా తిప్పితే హెయిర్‌పిన్నులు రెండు, స్టేప్లరు పిన్ను ఒకటి దొరికాయి. ఐదు పొరల మీద ఎంత తిప్పినా ఏమీ తగల్లేదు. మర్నాడు నాకో ఆలోచన వచ్చింది. బొంత చుట్టి పెద్ద సంచిలో కుక్కి, ఆటో ఎక్కి మెట్రో స్టేషనుకి పోయి బ్యాగులు చూసే మిషనులో పెట్టాను. సంగతి చెబితే తెర ముందు కూర్చున్న సెక్యూరిటీ అమ్మాయి పాపం రెండుసార్లు తిప్పి చూసింది.

"ఆంటీ, చాకు గిట్ల ఉంటే చెప్పగల్గుత. సగం సూది అంటే మాత్రం గ్యారంటీ ఇయ్యలేను."

వెనకాల వరుస పెరిగి జనం సణగడం మొదలుపెడితే సంచి భుజాన వేసుకుని వచ్చేశాను. మెట్రోలో జరిగింది చెబితే రజిత కోప్పడలేదు.

"పోనియ్యమ్మా. బేబీ బెడ్ ఉన్నది కదా," అని బొంతను తనే మడిచి బీరువా మీద పెట్టించింది. ఆ మధ్యాహ్నం లాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. ఆ తర్వాతి మధ్యాహ్నమూ అంతే. కోప్పడి ఉంటేనే బాగుండేది. ముందుగది నిండా చోటే, ఎవరైనా ఎటైనా నడవచ్చు. నాకు మాత్రం ఆ గదిలోకి పోబుద్ధి కాలేదు.

ఆదివారం భోజనాలయ్యాక అంట్లు కడిగి వచ్చి చూస్తే బొంత మళ్లీ నేల మీద ఉంది. మా ఆయన బనీను విప్పేసి, కట్టు కట్టిన కాలు పైకెత్తుకుని, దాని మీద ఇటు నుంచి అటు దొర్లుతున్నాడు.

"ఏం చేస్తున్రు?"

"ఎక్కడుంటే అక్కడ గుచ్చుకుంటది కదా. దొరుకుతది," అన్నాడు, ఇంకోసారి పొర్లి.

"మతి పోయిందా? లేవున్రి."

ఆయన లేవలేదు. బోర్లా పడుకునే, గొంతు తగ్గించి అన్నాడు. "ఎక్స్‌రే కాడ నువ్వు ఏం మొక్కుకున్నవో నాకు ఎర్కనే. సూది నా కాల్ల ఉండాలె అని, అంతేనా?"

తల కొట్టేసినట్టయింది. 

"నేను సుత అదే మొక్కుకున్న, లతా."

అలాగే నేల మీద కూర్చుండిపోయాను. ముప్పై నాలుగేళ్లుగా గొణుగుడు తప్ప ఏమీ రాదనుకున్న మనిషి.

అంతలో రజిత గది తలుపు తెరిచింది. "నాన్నా! మొన్న తొక్కింది చాలలేదా? ఇప్పుడు వీపుకు గుచ్చుకోవాల్నా? ఎప్పుడు జిమ్మేదారితో ఉంటవ్ నువ్వు?"

ఆయన మొన్నటిలాగే తల దించుకుని బనీను కోసం తడుముకున్నాడు. అది చూడటం ఇక నా వల్ల కాలేదు.

"మీ నాన్ననేం అనకు. సూది బొంతల వదిలింది నేను. పాలు పొంగుతున్నయని అట్లనే లేచి పోయిన. మూడు రోజుల నుంచి చెప్పలేదు. నువ్వు బిడ్డను నాకియ్యవని భయమైంది."

రజిత నన్ను చూసింది, నాన్నను చూసింది, లోపలికి పోయింది. అయిపోయింది అనుకున్నాను. మా అత్తమ్మ మంచం మీంచి, "ఏమైందే?" అని అడుగుతోంది.

రజిత చిన్న కత్తెర పట్టుకుని తిరిగొచ్చింది. గోడకు వీపు ఆనించి, బరువుగా కూర్చుని, కాళ్లు చాపుకుంది. "ఏ వరుసకాడ?" అంది.

చూపించాను. అక్కడి నుంచి వెనక్కి విప్పుకుంటూ వచ్చాం. తను కత్తిరిస్తుంటే నేను దారం లాగాను, మా ఆయన పొరలు విడదీసి వేళ్లతో తడిమాడు. రోజుల తరబడి వేసిన కుట్లు గంటన్నరలో పోగులై ఒళ్లో పడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది, కానీ చెయ్యి ఆపలేదు. పదిహేడు వరుసలు విప్పాక, పంచెకీ దుప్పటికీ మధ్య దొరికింది. ఆయన తొక్కిన చోటు నుంచి జానెడు దూరం జరిగింది, బహుశా చుట్టి మెట్రోకి మోసుకుపోయినప్పుడు. మా ఆయన రెండు సగాలూ పేపరు మీద పక్కపక్కన పెట్టి చూశాడు. సరిపోయాయి.

"కొత్త సూది ఏది?" అంది రజిత.

జాకెట్టుకి గుచ్చుకున్నది చూపించాను. అరచేయి చాపింది.

"ఇటియ్యి. ఇగ నుంచి ఇది నా దగ్గర ఉంటది. కూసున్నప్పుడు ఇస్త, లేచేటప్పుడు నాకియ్యాలె. ఎన్ని పాలు పొంగినా సరే."

పర్వాలేదమ్మా అనలేదు, మరిచిపో అనలేదు. యాభై ఎనిమిదేళ్ల నేను బడిపిల్లలా సూది తీసి ఆమె చేతిలో పెట్టాను.

మర్నాడు పదకొండింటికి లాప్‌టాప్ మూసి వచ్చి బొంత పక్కన కూర్చుంది. నేను చెయ్యి చాపి సూది అడిగాను. దారం ఎక్కించి ఇచ్చింది.