చన్నీళ్ల తొట్టి ఉపవాసం

ఉపవాసమున్న కడుపు అబద్ధమాడదని చేపలక్క నమ్మకం. అది ఎవరో చెప్పగా విని నమ్మినది కాదు. పంతొమ్మిదేళ్లుగా తొట్ల అడుగున రబ్బరు గొట్టం పెట్టి, చెత్తను పీల్చి, ఆ పీల్చినదాన్ని తెల్లని పళ్లెంలో పోసి కళ్లజోడు సవరించుకుని చూస్తూ సంపాదించుకున్నది. చేపల్ని చూసుకునే ఉద్యోగంలో ఆమె ఉన్న ఆ పరిశోధనాలయంలో సూక్ష్మదర్శినులు నాలుగున్నాయి కాని, చేపల క్షేమసమాచారం తెలియాలంటే అందరూ ఆమె పళ్లెం దగ్గరికే వచ్చేవారు.

ఆ గురువారం ఉదయం పళ్లెంలో ఉండకూడనిది ఉంది. దారపు ముక్కల్లాంటి, తాజా చేపమలం.

గదిలో ఉన్నవి రెండే తొట్లు. ఒకటి గోరువెచ్చనిది, మరొకటి చన్నీళ్లది. ఒక్కొక్కదానిలో పన్నెండేసి వేలెడంత చేపలు. వాటి ఊపిరిని కొలవబోయే ముందు కడుపు ఖాళీగా ఉండాలి. ఎందుకంటే తిన్నది అరిగించుకోవడానికి కూడా ఒంటికి ప్రాణవాయువు కావాలి. అలాంటప్పుడు కొలిస్తే అది చేప ఊపిరి లెక్క అవుతుందో, భోజనం లెక్క అవుతుందో తేలదు. చలిలో అరుగుదల నెమ్మది గనుక వెచ్చని తొట్టికి రెండు రోజుల ఉపవాసమైతే, చన్నీళ్ల తొట్టికి నాలుగు రోజులు. ఆదివారం సాయంత్రం మొదలైన ఉపవాసానికి ఇది నాలుగో రోజు. చేపలు బెదరకూడదని ఈమధ్య ఉపవాసపు రోజుల్లో గొట్టం పెట్టడం మానుకున్న ఆమె, ఈ వారమే మళ్లీ పెట్టింది. నిన్నటి పళ్లెం ఖాళీగా ఉండవలసింది, లేదు; పాతదేమోనని సరిపెట్టుకుంది. ఇవాళ్టిది మరీ ఖాళీగా ఉండవలసింది, ఇది మరీ నిండుగా ఉంది.

"అమ్మాయ్, ఒకసారిలా రా" అని పిలిచింది చేపలక్క.

పిలిచినది పరిశోధక విద్యార్థినిని. ఐదు నెలలుగా ఆ చేపల ఊపిరితోనే ఊపిరి పీలుస్తున్న పిల్ల. ఒక్కొక్క చేపనూ గాజు గొట్టంలో ఉంచి, మూత బిగించి, నీటిలో ప్రాణవాయువు గంటకెంత తగ్గిందో కొలుస్తుంది. నీళ్లు చల్లబడితే చేప ఒంట్లో పొయ్యి మందగిస్తుంది, ఊపిరి తగ్గుతుంది. అయితే వారాల తరబడి ఆ చలిలోనే ఉంచితే శరీరం మెల్లగా సర్దుకుని, పోగొట్టుకున్న జోరులో కొంత తిరిగి తెచ్చుకుంటుంది. ఎంత తెచ్చుకుంటుందన్నదే ఆ పిల్ల ప్రశ్న. ఆమె గీసిన గీత ప్రకారం దాదాపు మొత్తం! చన్నీళ్ల చేపలు వెచ్చని చేపలతో సమానంగా ఊపిరి తీస్తున్నాయి. ఇలాంటి ఫలితం ఇంతవరకు ఎవరికీ రాలేదు. సోమవారం వ్యాసం పత్రికకు వెళ్లాలి.

ఆ పిల్ల పళ్లెం చూసింది. ముఖం పాలిపోయింది.

"అక్కా, ఇది పాతదేమో? ఆదివారం తిన్నదేమో?"

"పాతదైతే ఇంత నిగనిగలాడదు. ఎవరో తినిపించారు."

"అంటే నా ఐదు నెలలూ..."

"ముందే ఏడవకు. ఏడవడానికైనా లెక్క తేలాలిగా."

అప్పుడే పెద్దసారు వచ్చారు. ఆ విభాగానికి అధిపతి. ఎవరేది చెప్పినా "ఆధారమేది?" అనేది ఆయన మొదటి మాట గనుక విద్యార్థులు ఆయన వీపు వెనక 'ఆధారంగారు' అంటారు. ఆయనా ఆ సంగతి ఎరుగుదురు. ఎవరన్నారో ఆధారం దొరకక ఊరుకున్నారు. కుర్చీలో కూర్చుని, మాట మొదలుపెట్టే ముందు అలవాటుగా పెన్ను మూతతో బల్ల మీద రెండుసార్లు కొట్టారు. టక్, టక్.

విషయం విన్నారు. పళ్లెంలోకి వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"మేత డబ్బా బీరువాలో ఉంటుంది కదమ్మా? తాళం ఎవరి దగ్గర?"

"నా దగ్గరే సార్."

"గది తాళం?"

"మన ముగ్గురి దగ్గరా ఉంది."

"గది ముగ్గురిది, మేత ఒక్కరిది. నేనేమీ అనడం లేదు. తర్కం అంటోంది."

చేపలక్కకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. "పంతొమ్మిదేళ్లలో ఒక్క గుళికైనా ఎక్కువ వేశానా సార్?"

"వేయలేదనడానికి ఆధారమేది?" అనేశారాయన. అనేశాక కాస్త ఇబ్బంది పడ్డట్టు కనిపించారు గాని, నోరు జారిన మాటను తోక పట్టుకుని వెనక్కి లాగే అలవాటు ఆయనకు లేదు. "సంగతి తేలేదాకా బీరువా తాళం ఈ అమ్మాయికివ్వు. తేలకపోతే సోమవారం నుంచి గాజుసామాను కడిగే గదిలో పని చూసుకుందువుగాని."

ఆమె మొలలోని తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. పంతొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్న ఇనుపముక్క. అది లేకపోయేసరికి చీరకట్టే వదులైనట్టనిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో కుట్టుమిషను చప్పుడు మధ్య ఆమె ఈ గోడు వెళ్లబోసుకుంది. మిషను తొక్కుతున్నది భర్త. మంచం మీద కూర్చుని గుండీలు ఏరుతున్నది అత్తగారు.

"చేపలు తింటే పెట్టినవాణ్ని పట్టుకోవాలి గాని, పళ్లెం చూపించినవాళ్లను పట్టుకుంటారా? బాగుంది న్యాయం!" అన్నాడు భర్త, నోట్లో దారం పెట్టుకునే.

"నువ్వు న్యాయం మాట్లాడకు" అంది అత్తగారు. "నా రక్తంలో చక్కెర పెరిగినప్పుడు ఊరంతా నన్నే తిట్టింది. ముసలిదానికి నోటి యావ అన్నారు. మరి జేబులో బెల్లపుముక్క పెట్టుకుని తెచ్చిందెవరు?"

మిషను ఆగింది.

"అందరికంటే గట్టిగా 'అమ్మకు తీపి పెట్టొద్దు' అని అరిచిందీ వీడే. చాటుగా పెట్టిందీ వీడే!"

"నువ్వు దిగులుగా చూస్తుంటే ఏం చేయనే అమ్మా?"

"అదే చెప్తున్నా. అలా ఆరునెలలు తినేసరికి వీధిలో వీడి చెప్పుల చప్పుడు వినపడితే చాలు, నోట్లో నీళ్లూరేవి. నా నోరే నన్ను పట్టించింది."

చేపలక్క చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "అత్తయ్యా, మళ్లీ చెప్పండి."

"ఏం చెప్పనే? వీడి చెప్పులు టపటపలాడితే..."

"చాలు, చాలు" అని ఆమె నవ్వేసింది. పొద్దుటినుంచి అదే మొదటి నవ్వు.

మనిషిని చేపలు ఎరగకుండా ఉండాలని ఆమె మేతను ఎప్పుడూ నల్లతెర వెనక నుంచి, గొట్టం గుండా, సద్దు లేకుండా వేసేది. మేత వేసే మనిషిని గుర్తుపడితే ఆ మనిషి కనబడగానే చేపలు ఎగిరెగిరి పడతాయి, ఊపిరి లెక్క పాడవుతుంది. కనుక న్యాయానికి ఆ పన్నెండు చేపలకూ ఏ మనిషీ చుట్టం కాకూడదు. ఎవరైనా చుట్టమైతే, ఆ చుట్టరికమే సాక్ష్యం.

శుక్రవారం ఉదయం ఆమె పెద్దసారు ముందు నిలబడి, ఒక ప్రయోగానికి అనుమతి అడిగింది.

"ఎవరి మీద?"

"చేపల మీదే సార్. మనం ఊరికే నిలబడితే చాలు. ఒక్కొక్కరం తొట్టి దగ్గరికి వెళ్లి, మనిషికి మూడుసార్లు, నిమిషంపాటు నిలబడాలి. వెచ్చని తొట్టి దగ్గరా అలాగే, పోల్చడానికి. మేత వేసిన మనిషి దగ్గరికి చేపలు వస్తాయి."

"పోలిక కూడా పెట్టావే!" అన్నారాయన, మెచ్చుకోలు దాచుకోలేక. "సరే, కానివ్వు."

మొదట చేపలక్క నిలబడింది. చన్నీళ్ల చేపలు అడుగున ఒక మూల చేరి, చలికి ముడుచుకున్న ముసలమ్మల్లా రెక్కలాడిస్తూ ఉండిపోయాయి. మూడుసార్లూ అంతే. తర్వాత విద్యార్థిని నిలబడింది. ఒక చేప మాత్రం తోక తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పేసుకుంది. వెచ్చని తొట్టిలో ఈతే ఈత; ఎవరినీ పట్టించుకున్న జాడ లేదు.

"ఇప్పుడు మీరు సార్."

"నేనెందుకు? నేను గమనించేవాణ్ని."

"గది తాళంచెవి మూడోది మీ దగ్గరుంది సార్" అంది విద్యార్థిని, నేలకేసి చూస్తూ. "తర్కం అంటోంది."

ఆయన లేవలేదు. విసుగ్గా జేబులోంచి పెన్ను తీసి, "వినండి, ఈ పద్ధతిలో లోపమేమిటంటే..." అంటూ, పక్కనే రెండు తొట్లనూ మోస్తున్న చట్రం మీద టక్, టక్ మనిపించారు.

చన్నీళ్ల తొట్టి అడుగున ముడుచుకున్న పన్నెండు ముసలమ్మలూ ఒక్కసారి లేచాయి. చలినీళ్లలో ఎంత వడిగా రావచ్చో అంత వడిగా, పెద్దసారు వైపు మూలకు చేరి, నీటి పైకి నోళ్లు తెరిచి నిలబడ్డాయి. గోరువెచ్చని తొట్టిలో ఒక్కటీ తల తిప్పలేదు.



"ఒక్కసారి జరిగితే ఆధారం కాదు" అన్నారు పెద్దసారు.

"మరోసారి కొట్టండి సార్."

టక్, టక్. మళ్లీ నోళ్లు తెరుచుకున్నాయి. మూడోసారి ఆయన కొట్టలేదు. చేపలక్క తన చెంచాతో కొట్టింది. చెంచాకూ వచ్చాయి.

"చూశావా! నీ చెంచాకూ వస్తున్నాయి" అన్నారాయన, మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు.

"చప్పుడు ఎవరు చేసినా వస్తాయి సార్. రోజూ చేసేదెవరన్నదే ప్రశ్న."

విద్యార్థిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో ఆమెకే తెలియలేదు.

పెద్దసారు చేపల తెరిచిన నోళ్లకేసి చూసి, లేచి తన గదిలోకి వెళ్లారు. సొరుగులోంచి ఒక కాగితపు పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టారు. అంగట్లో దొరికే మేత.

"పొద్దున్నే ఏడింటికి నేనొక్కణ్నే ఉంటాను" అన్నారు, అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడిలా. "చిటికెడే వేసేవాణ్ని. కొలవబోయే చేపలకు కాదు. ఉపవాసపు చేపల్ని మీరు పక్కగదిలో వేరే తొట్టిలో పెడతారుగా? నిన్నటి పళ్లెం దానిదే అనుకున్నాను."

"అది పోయినేడే మానేశాం సార్. పట్టి మారిస్తే బెదిరిపోయి ఊపిరి పెరుగుతోందని నేనే చెప్పాను. ఉన్నచోటే ఉపవాసం ఉంచుదామన్నాను. కొత్త పద్ధతి కాగితం మీద మీరే సంతకం పెట్టారు."

"చదివే పెట్టానా?"

"ఆధారం లేదు సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడవవలసినంత మురికేమీ దానికి లేదు.

"మరి చన్నీళ్ల వాటికే ఎందుకు వేశారు సార్?" అంది విద్యార్థిని. "వెచ్చనివాటికి ఎందుకు వేయలేదు?"

"అవి బాగానే తిరుగుతున్నాయిగా. ఇవి అలా మూలకు చేరి..." ఆయన ఆగిపోయారు.

"దిగులుగా ఉన్నాయా సార్?"

మొదటి సంవత్సరం ఆ పిల్ల తన పుస్తకంలో 'చేప దిగులుగా ఉంది' అని రాసుకుంటే, ఆయన ఎర్రసిరాతో కొట్టేసి 'దిగులుకు కొలతేది?' అని పక్కన రాశారు. ఆ పేజీ ఇప్పటికీ ఆమె దగ్గర ఉంది.

"చిటికెడు" అన్నారు పెద్దసారు. "రోజుకు చిటికెడు."

ముందు నవ్వింది ఆయనే. తర్వాత ఆ నవ్వు దిగమింగి, విద్యార్థిని దగ్గరున్న తాళంచెవి తీసుకుని రెండు చేతులతో చేపలక్కకు ఇచ్చారు. "నీ మీద వేసిన మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. ఊరికే కాదు, ఆధారంతో."

వ్యాసం సోమవారం వెళ్లలేదు. ఆలస్యానికి కారణమైన తప్పు తనదేనని పత్రికకు ఉత్తరం పెద్దసారే రాశారు. ఆ ఉత్తరం నకలు విభాగం గోడకు కూడా ఆయనే అంటించారు. చేపలు చలికి ఎలాగూ అలవాటుపడే ఉన్నాయి గనుక ఐదు నెలలూ గంగలో కలవలేదు. నిజమైన ఉపవాసంతో ఊపిరి మళ్లీ కొలిస్తే చాలు. అందుకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ చేపలక్క గది గుమ్మం దగ్గర ఒక గాజు గిన్నె పెట్టి, పెద్దసారు లోపలికి వచ్చేటప్పుడు పెన్ను అందులో వేయించుకునేది. ఆయన మారు మాట్లాడకుండా వేసి, చేతులు వీపు వెనక కట్టుకుని తిరిగేవారు.

కొత్త గీత వచ్చింది. చన్నీళ్ల చేపలు పోగొట్టుకున్న జోరులో సగమే తిరిగి తెచ్చుకున్నాయి. "సగం వాటి ఒళ్లు సర్దుకోవడం" అంది విద్యార్థిని, రెండు గీతలనూ పక్కపక్కన పెట్టి. "మిగతా సగం సారు పొట్లం." దీన్ని వ్యాసంలో మర్యాదైన మాటల్లో రాయడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది.

చివరి కొలత అయిన మర్నాడు పెద్దసారు గుమ్మంలోనే ఆగి, గిన్నెకేసి చూశారు.

"మరిచిపోయి ఉంటాయంటావా?"

"ఊహించడమెందుకు సార్" అంది చేపలక్క. పెన్ను తీసి ఇచ్చింది.

టక్, టక్. పదకొండు చేపలు కదలలేదు. మూడు వారాల్లో వాటికి ఆ చప్పుడు ఒట్టి చప్పుడైపోయింది. పన్నెండోది, అన్నిటికంటే చిన్నది, తాపీగా పైకి వచ్చి నోరు తెరిచింది. పెద్దసారు ముఖం చూడవలసిందే! పరీక్షలో మనవడు నెగ్గినట్టుంది.

"వేయనా?" అని అడిగారు. పంతొమ్మిదేళ్లలో ఆయన ఆమెను అనుమతి అడగడం అదే మొదలు.

చేపలక్క బీరువా తెరిచి, చెంచాలో కొలిచి మేత ఇచ్చింది. ఇచ్చి, మేత పుస్తకంలో తేదీ, వేళ, ఎంత అన్నవి రాసి, 'వేసినవారు' అన్న గడిలో 'పెద్దసారు' అని రాసి, పుస్తకం ఆయన ముందుకు తోసింది.

ఆయన పెన్ను మూత తీశారు. ఆ వరుసను మొదటినుంచి చివరిదాకా ఒకసారి, ఆపైన మరోసారి చదివి, అప్పుడు సంతకం పెట్టారు.