చెయ్యి అడ్డం పెట్టిన చోటు

బియ్యం డబ్బా మంచం కింద నీళ్లలో తేలిన వరదకు ఇది మూడో ఏడు, ఆ రోజు పోయిన మూతను భార్య రత్నమ్మ ఇంకా వెతుకుతూనే ఉంది, అనుకుంటూ సామేలు తార్నాకలో బస్సు దిగి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడిచాడు, మూత సంగతి తర్వాత, ఇవాళ తను ప్రొజెక్టర్ వేసే రజిని మేడం క్లాసుకు తెలుగు శాఖ పెద్ద పార్థసారథి గారు వచ్చి వెనక కూర్చుంటారట, సినిమా ముక్కలతో సాహిత్యం చెబితే పిల్లలు ఒక్క పేజీ అయినా రాస్తారా, రాయకపోతే ఆపేయండి అన్నారట, ఆ మాట చెబుతూ మేడం టీ తాగకుండానే కప్పు పక్కన పెట్టేసింది, ఏం కాదులేమ్మా అనాలనుకున్నాడు, అనలేదు, మూడో తరగతి చదివినవాడు ఏమంటాడు, లాలాగూడ సినిమా హాల్లో ముప్పయ్యేళ్లు బొమ్మ మిషను తిప్పాడు గానీ రత్నమ్మతోనే నాలుగు మాటలు ఆడింది లేదు.

లైట్లు ఆర్పి ప్రొజెక్టర్ వేశాడు, పాత బొమ్మ, తండ్రి వానలో తడుస్తూ కూతురి ఇంటి తలుపు కొడుతున్నాడు, చెప్పకుండా తోపించడమే ధ్వని అంటోంది మేడం, ముందు బెంచీలో భూపాల్ ఫోను చూసుకుంటున్నాడు, పార్థసారథి గారు ఆవలించారు, బొమ్మలో తలుపు కదిలింది, తెర పైమూల గుండ్రటి చుక్క మెరిసింది, రీలు అయిపోవస్తోందనే గుర్తు, ఒకటే మిషను ఉన్న ఆ హాల్లో ఆ చుక్క కనబడగానే వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టి రీలు మార్చిన అలవాటు, చెయ్యి దానంతటదే లేచింది, గదంతా చీకటి, అయ్యో, ఇక్కడ రీలెక్కడిది, మేడం నోటి దగ్గర కూడు తీసేశానే.

చెయ్యి తియ్యబోతే, మేడం ల్యాప్‌టాప్‌లో బొమ్మ ఆపేసి, ఉంచండి సామేలు గారూ, అంది, హాల్లోనైతే ఈపాటికి ఈలలు, ఇక్కడేమో, తలుపు ఎవరు తీసిండ్రు మేడం అని భూపాలే ముందడిగాడు, ఎవ్వరు తియ్యలే, గాలికి తెరుచుకున్నది, ఇల్లు ఖాళీ, అంది పక్క బెంచీలోని కామాక్షి, నీకెప్పుడూ ఏడుపే గావాలె, అన్నాడు వాడు, కొట్లాడకుండా తలుపు తీసిందెవరో ఎవరికి తోచింది వాళ్లు రాయండి అంది మేడం, సామేలు లైటు వేస్తే అన్ని తలలూ కాగితాల మీదికి వంగి ఉన్నాయి, వెనక పార్థసారథి గారిది కూడా, వెళ్తూ వెళ్తూ ఆయన, వచ్చే వారమూ నాకిదే బెంచీ ఉంచమ్మా, అన్నారు, భూపాల్ దగ్గరికొచ్చి, తాతా, నువ్వు మొత్తం చూసినవ్ గదా, తలుపు తీసిందెవరో చెప్పరాదు, అంటే, వందసార్లు చూసిన సామేలు, నువ్వు రాసినోళ్లే బాబూ, అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన అదే ఆలోచన, రీలుకూ రీలుకూ మధ్య తను వేసిన చీకట్లన్నీ తన తప్పులే అనుకున్నాడు ఇన్నాళ్లూ, ఆ చీకట్లో జనం ఎవరి బొమ్మ వాళ్లు చూసుకున్నారన్నమాట, తను మాట్లాడని చోటల్లా రత్నమ్మ ఏదో ఒకటి రాసుకునే ఉంటుంది, మంచిదే రాసుకుని ఉంటుంది, లేకపోతే ఇన్నేళ్లు ఉండేదా.

మర్నాడు పొద్దున్నే నల్ల అట్ట గుండ్రంగా కత్తిరించి, ప్రొజెక్టర్‌కు చెయ్యి బదులు అడ్డంగా వేలాడదీయడానికి దారం కట్టాడు, బియ్యం డబ్బాకైతే చాలదయ్యా అంది రత్నమ్మ, అతను నవ్వి, అట్టను సంచిలో వేసుకుని బస్సెక్కాడు.