ఎవరి మొహం వాళ్ళకి

కోచ్కోర్ సంత వీధి మలుపు తిరగగానే బురుల్ కాళ్ళు ఆగిపోయాయి. సాంస్కృతిక భవనం ముందు గోడ మీద, కప్పు నుంచి గుమ్మం దాకా వేలాడుతున్నది ఆమె తీసిన ఫోటోయే. ఉన్ని పరిచి, వేడినీళ్ళు చల్లి, రెల్లుచాపలో చుట్టి దొర్లిస్తున్న ఆడవాళ్ళు. ఆమె తల్లి జిపార్, తల్లితో కలిసి షిర్దాక్ అనే ఉన్ని తివాచీలు చేసేవాళ్ళు. ఆ సంగతి తెలుసు కాబట్టి బురుల్ గుర్తుపట్టింది. తెలియనివాళ్ళకు అక్కడ మనుషులున్నారనే అనిపించదు. మొహాలు గళ్ళు గళ్ళుగా విరిగిపోయాయి. చేతులు పిసికి వదిలేసిన పిండిముద్దల్లా ఉన్నాయి.

ఆ ఆడవాళ్ళందరూ పండగ బట్టలు కట్టుకుని కింద నిలబడి తలెత్తి చూస్తున్నారు.

"ఒసేయ్ జిపార్, నా ముక్కేదే?" అంది అందరిలోకీ పెద్దదైన బాత్మా అపా. "గుర్రం తన్నినప్పుడు కూడా ఇంత పాడవలేదే ఇది!"

నలుగురూ నవ్వారు. బాత్మా అపా మాత్రం తలగుడ్డ అంచు మొహం మీదికి లాక్కుని గోడకు వీపు తిప్పేసింది. ఆ తిరగడం చూసి బురుల్‌కు ఒళ్ళు మండిపోయింది.

భవనం అధికారి తాలాయ్ మెట్ల మీద నిలబడి వచ్చినవాళ్ళకు పులిసిన గుర్రప్పాల కుమిస్ గిన్నెలు అందిస్తున్నాడు.

"తాలాయ్ బైకే, ఏంటిది?"

"అదిరిపోయింది కదూ! ఊరికి ఆ చివర్నుంచి కూడా కనబడుతోందిట!"

"అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి మీ చేతికే ఇచ్చాను కదా. అది కాకుండా ఏది అచ్చేయించారు?"

"ఆ డ్రైవ్ ఎక్కడో పడిందమ్మా. ఫోన్‌కి పంపావుగా, అదే పంపించేశా. ఫోన్‌లో బానే కనబడింది మరి."

"అది మీరు చూసుకోడానికి పంపిన నకలు! ఫోన్‌లో పంపితే బొమ్మ సగానికి సగం చిక్కిపోతుంది. అరచేతిలో పట్టేదాన్ని గోడంత సాగదీస్తే చిరగక ఏమవుతుంది?"

"అబ్బ, ముక్కు ఆనించి ఎవరు చూస్తారే? రోడ్డు మీంచి చూడు. అయినా జనం చూసేది తివాచీని. వీళ్ళ మొహాలతో ఎవరికేం పని?"

ఆ మాట కింద ఉన్నవాళ్ళందరికీ వినబడింది. నవ్వులు ఆగిపోయాయి. జిపార్ నడుము సంచిలోంచి ఉన్ని కోసే కత్తి తీసి కూతురి చేతిలో పెట్టింది.

బురుల్ మెట్లెక్కి మిద్దె మీదికి పోయింది. తాళ్ళు ఒక్కొక్కటే తెంపింది. ఫ్లెక్సీ అంతా దడదడమంటూ తాలాయ్ నెత్తిన, కుమిస్ గిన్నెల మీద కూలింది. ఆయన కింద నుంచి అరుస్తూనే ఉన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

ఆ కోపం చల్లారకుండానే రాజధాని బిష్కెక్‌కు బస్సెక్కింది. అక్కడ ప్రదర్శనలకు పెద్ద ఫోటోలు అచ్చేసే రిమ్మా దుకాణంలో తన ల్యాప్‌టాప్ తెరిచింది. "ఇది అసలుది. కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టే ఉంది. గోడంత చేసివ్వు. దగ్గరికొచ్చి చూసినా చెదరకూడదు."

రిమ్మా బొమ్మను పెద్దది చేసి చూసి పెదవి విరిచింది. "నీ కెమెరా పాతది. మొత్తం బొమ్మలో ఒక్కో మొహం గోరంత. రోడ్డు మీంచి చూడ్డానికైతే చాలు. దగ్గర నిలబడి చూస్తే ఇదీ తేలిపోతుంది. లేని వివరం నేనెక్కణ్ణుంచి తేను?"

"అయితే రోడ్డు మీంచి చూస్తే చాలన్న ఆ తాలాయ్ మాటే నిజమంటావా?"

"నా మీద అరవకు. కంప్యూటరే పూరించే పద్ధతొకటుంది, చూపిస్తానుండు."

కాసేపటికి తెర మీద బాత్మా అపా మొహం తేలింది. మెరిసే చర్మం, వరస తప్పని పళ్ళు, తిన్నని ముక్కు.

"ఎవరిది ఈ మొహం?" బురుల్ తెర మీద వేలు పెట్టింది. "వాడు మొహాలు చెరిపేశాడు. నీ మిషనేమో వేరేవాళ్ళ మొహాలు తెచ్చి అతికిస్తోంది. ఆవిడ ముక్కు గుర్రం తన్ని వంకరపోయింది. అది తిన్నగా చెయ్యమని నిన్నెవరు అడిగారు?"

రిమ్మా ఆ బొమ్మను తీసేసింది. కోపం తెచ్చుకోలేదు. "మంచిదే, నాకూ నచ్చలేదు. మళ్ళీ తియ్యి. ఒక్క దెబ్బకి కాదు, ముక్కలుగా. కెమెరా స్టాండు మీద బిగించి, దగ్గర్నుంచి ఒక్కో మనిషినే నిండుగా తీసుకుంటూ పో. ప్రతి ముక్కా పక్కదాన్ని కొంచెం కప్పాలి. వెలుగు, ఫోకస్ మార్చకు. కలిపి కుట్టే పని నాది."

బురుల్ ఊరికి తిరిగొచ్చి, అమ్మావాళ్ళు పనిచేసే ఉన్ని షెడ్డులో టీ తాగుతున్న ఆడవాళ్ళకు ఈ సంగతి చెప్పింది.

"కదలకుండా కూర్చోవాలా? నేనా?" అంది బాత్మా అపా. "పుట్టాక ఎప్పుడన్నా కదలకుండా కూర్చున్నానా?"

"నవ్వాలా?" అని అడిగింది జిపార్.

"నీ ఇష్టమమ్మా."

"అయితే నవ్వను. ఆ తాలాయ్ మాట నాకింకా చెవుల్లోనే ఉంది."

మబ్బు పట్టిన పగటివేళ, నీడలు గట్టిగా పడని వెలుగులో, షెడ్డు గోడ ముందు బల్ల మీద వరసగా కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. తన వంతు వచ్చినామె ఊపిరి బిగబట్టుకునేది. వంతు అయిపోయినామె పక్కకు వంగి తాలాయ్‌ని తిట్టడం మొదలుపెట్టేది. మధ్యలో గాలి లేచి అందరి తలగుడ్డలూ చెదిరితే బురుల్ మొదటి నుంచి మళ్ళీ తీసింది. ఆమె కూడా పళ్ళు బిగించే ఉంది. మీట నొక్కుతున్న ప్రతిసారీ, మొహాలతో ఏం పని అన్న గొంతే వినబడుతోంది.

రిమ్మా ముందు జిపార్ కళ్ళున్న చిన్న ముక్కను మాత్రమే అసలు కొలతలో అచ్చేసింది. నీడలు మరీ నల్లబడ్డాయని సరిచేసింది. స్ఫుటంగా కనబడాలని అంచులకు ఎక్కువ పదును పెట్టబోతే బురుల్ వద్దంది. రెండోసారి అచ్చేసిన ముక్క సరిగ్గా కుదిరింది. అప్పుడు మొత్తం బొమ్మను గుడ్డ మీదికి ఎక్కించారు.

ఆ బొమ్మను షెడ్డు లోపలి గోడకు కట్టారు. బాత్మా అపా దగ్గరికెళ్ళింది. ఇంకా దగ్గరికెళ్ళింది. ముక్కు గుడ్డకు తగిలేంత దగ్గర నిలబడి తన మొహాన్ని తనే పరీక్షగా చూసుకుంది. గడ్డం మీది వెంట్రుక కూడా కనబడింది.

"ఇదీ నేను," అంది. "కోపంగా ఉన్నాను. బాగుంది."

వారం తిరక్కుండా తాలాయ్ దిగాడు, టోపీ చేత్తో పట్టుకుని. జిల్లా అధికారులు వస్తున్నారట. బొమ్మ చూసి నోరు తెరిచాడు. "ఇది భవనంలో పెడదాం బురుల్. నా పేరు అక్కర్లేదు, నీ పేరే రాయిస్తా. జరిగిందేదో జరిగిపోయింది."

"నన్నెందుకు అడుగుతున్నారు? అందులో ఉన్నవాళ్ళని అడగండి."

ఆయన ఆడవాళ్ళ వైపు తిరిగాడు. వాళ్ళు చేతులు ఆపకుండా చాప దొర్లిస్తూ ఆయన కేసి చూశారు. గోడ మీద ఉన్న చూపూ, కింద ఉన్న చూపూ ఒకటే.

"ఈ మొహాలతో నీకేం పని తాలాయ్?" అంది జిపార్.

ఆయన నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి టోపీ నెత్తిన పెట్టుకుని బయటికి నడిచాడు. ఆయన గేటు దాటినా బురుల్ గుండెల్లో మంట తగ్గలేదు. తగ్గాలని ఆమె అనుకోనూ లేదు. చొక్కా చేతులు పైకి మడిచి, వేడినీళ్ళ బిందె ఎత్తి, తల్లి పక్కన ఉన్ని మీద పోసింది.